పాత్ర వచ్చేదాకా పల్లవి

ముప్పై ఏళ్ళకు పైగా నేను పిల్లల కాళ్ళు చూసి బతికాను. మొహాలు తర్వాత. కొత్తగా చేరడానికి వచ్చిన పిల్ల గుమ్మంలో నిలబడితే, పేరు అడగకముందే నా చూపు పాదాల మీదికి పోయేది. మడమ గట్టిగా ఉందా, అరమండిలో కూర్చుంటే మోకాళ్ళు పక్కలకు విచ్చుకుంటాయా, ఇదే ధ్యాస. నెల్లూరులో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలలో కూచిపూడి టీచరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పటికీ బజారులో ఎవరైనా "మేడం, బాగుండారా" అని పలకరిస్తే పేరు గుర్తుకు రాదు. ఆ మనిషి నడిచి వెళ్ళిపోతుంటే వెనక నుంచి చూసి, ఓహో ఈ పిల్లా అనుకుంటాను.

ఈ మధ్య మా స్కూల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరమ్మలు ఇద్దరు ఇంటికి వచ్చారు. "మీ సర్వీసులో మరిచిపోలేని ప్రదర్శన ఏది మేడం" అని అడిగారు. ఢిల్లీలో చేసింది చెబుతానేమో అనుకున్నట్టున్నారు. ఢిల్లీలో నాకు గుర్తున్నది చలి ఒక్కటే. నేను వాళ్ళకు చెప్పింది రిటైరవడానికి ముందు ఏడాది మన ఊరి హాల్లోనే జరిగిన ఒక ప్రవేశ దరువు సంగతి. అదే ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివే కొత్త టీచరమ్మలూ, రేపు మీరూ క్లాసులో నిలబడి కాళ్ళు చూసేవాళ్ళే కదా, కాస్త పనికొస్తుంది.

ఆ ఏడు మా ప్రిన్సిపాలు గారికీ నాకూ సరిగ్గా మాటలు లేవు. వార్షికోత్సవానికి రికార్డు పెట్టి ఆడిద్దామని ఆయన, పక్కన పాట పాడే మనిషి లేకుంటే తాళాలు ముట్టనని నేను. నాకు ముక్కు మీద కోపం, ఆయనకు ఆ సంగతి బాగా తెలుసు. అలాంటప్పుడు ఎవరో ముగ్గురు వికలాంగులు స్కూలుకు వచ్చి, మేము నాట్యం చేస్తున్నాం, మాకు నట్టువాంగం చెప్పే టీచరు కావాలి అని అడిగారట. తాళాలు వాయిస్తూ, తకిట తకధిమి అని నోటితో జతులు చెబుతూ ఆడేవాళ్ళను నడిపించడమే నట్టువాంగం. ప్రిన్సిపాలు గారు నన్ను పిలిచి "ఆదివారాలు వెళ్ళి రండి మేడం, పుణ్యం కూడా" అన్నారు. పుణ్యం అనే మాట వినగానే ఒళ్ళు మండింది. కానీ ఆదివారం పనిచేస్తే సోమవారం సెలవు ఇస్తానన్నారు. వారానికి ఒక రోజు ఆయన మొహం చూడక్కర్లేదు కదా అని ఒప్పుకున్నాను.

ముత్తుకూరు దాటి కృష్ణపట్నం పోయే దారిలో, బొగ్గు లారీలను తప్పించుకుంటూ సముద్రం వైపు తిరిగితే ఒక పల్లె. ఆ పల్లెలో తుఫాను వస్తే జనం తలదాచుకోవడానికి కట్టిన షెల్టరు ఉంది. ముసలీ ముతకా ఎక్కలేరని మెట్ల పక్కన ర్యాంపు కూడా కట్టారు. ఆ చుట్టుపక్కల చక్రాల కుర్చీ తనంతట తాను పైకి పోగలిగిన కట్టడం అదొక్కటే. అందుకని గాలీ వానా లేని రోజుల్లో ఆ షెల్టరే వాళ్ళ నాట్యశాల.

పేర్లు రాయొద్దన్నారు కనుక రాయను. ముగ్గురిలో పెద్దదాన్ని పెద్దమ్మాయి అంటాను. ముప్పై అయిదు దాటిన మనిషి. పుట్టింది ఆ పల్లెలోనే. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. తొడ నుంచి కింద దాకా ఇనుప కమ్మీలతో, తోలు పట్టీలతో కేలిపరు; ఆ కమ్మీలకే బిగించిన బూటు; చంకలో ఒక కర్ర. తడ దగ్గర ఫ్యాక్టరీలో బూట్లు కుట్టే పని, ఆదివారం వస్తే ఇంటికి బస్సు. రెండో అతను లైట్ల అబ్బాయి. ఒకప్పుడు టెంట్‌హౌస్ వాళ్ళతో తిరిగి, తిరునాళ్ళకు సీరియల్ లైట్ల కటౌట్లు కట్టేవాడు. ఒక కటౌట్ మీద నుంచి పడి నడుము కింద చచ్చుబడింది. ఇప్పుడు చక్రాల కుర్చీలో కూర్చుని ముత్తుకూరులో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. మూడో పిల్లది నాయుడుపేట, కుట్టు పని. పుట్టు చెవుడు, మాట లేదు. పెద్దమ్మాయి ఎక్కిన బస్సే దారిలో ఎక్కి, ఆమెతో కలిసి వచ్చేది.

మొదటి రోజు నేను షెల్టరులోకి పోయి చాప మీద కూర్చుని, తాళాలు బయటికి తీసి, తల ఎత్తకుండానే "చెప్పులు బయట విడిచి రండి" అన్నాను. నోటికి అంత అలవాటైన మాట. నాట్యం చేసే చోటికి ఎవరూ చెప్పులతో రాకూడదని ఎంతమంది పిల్లలకు నూరిపోశానో నాకే తెలియదు.

కర్ర చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. "కుడికాలి చెప్పు ఇడుస్తా మేడం," అంది పెద్దమ్మాయి నిమ్మళంగా. "ఎడంకాలిది ఇడిస్తే దాంతోపాటు నేను గూడా బయటనే ఉండిపోవాల."

నాలుక కరుచుకున్నాను. ఆమె మాత్రం నవ్వుతూ కుడి చెప్పు విడిచి, ఎడమ బూటును తెచ్చుకున్న గుడ్డతో తుడుచుకుని లోపలికి వచ్చింది. లైట్ల అబ్బాయి "నా చక్రాలు గూడా తుడిచినా మేడం, బో శుభ్రంగా ఉండాయి" అన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడని అర్థమైంది. అప్పటికి బుద్ధి రావాలి కదా. రాలేదు.

ఆ వారమంతా ఇంట్లో కూర్చుని వాళ్ళ కోసం ఒక అంశం కూర్చాను. ముగ్గురూ కూర్చునే ఉంటారు. పాదాల దాకా పెద్ద కుచ్చిళ్ళ దుస్తులు, కుర్చీ మీద పట్టు గుడ్డ. హస్తాలు, కళ్ళు, అభినయం మాత్రమే. చూసేవాళ్ళకు తేడా తెలియకూడదని నా తాపత్రయం. మరుసటి ఆదివారం ఉత్సాహంగా చేసి చూపించాను. పెద్దమ్మాయి అంతా ఓపిగ్గా చూసింది.

"బాగుంది మేడం. మాకొద్దు," అంది.

"ఎందుకొద్దు?"

"స్కూల్లో చదివేటప్పుడు యానివర్సరీ వచ్చిందంటే నాకు ప్రార్థన గీతం ఇచ్చేవాళ్ళు. కూర్చోని పాడేది గదా అని. నాకు పాట రాదు మేడం, గొంతు కాకి గొంతు. నాకు ఆట కావాల. అడిగితే ఎవురూ ఇయ్యలా. ఇప్పుడు మీరు గూడా కూర్చోబెడతా ఉండారు."

నాకు కోపం వచ్చింది. వారం రోజుల కష్టం కదా. "మరి ఏం చేయమంటావు, అరమండి వేస్తావా?" అని కసిరాను. ఆమె కసురుకు బెదిరే మనిషి కాదు. కర్ర నేలకు ఆనించి లేచింది. లేచేటప్పుడు మోకాలి దగ్గర కేలిపరు లాకు 'టక్'మని పడింది. ఆ గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది.

"ఇదే నా నడక. దీన్ని దాచిపెట్టి ఇంకేం ఆడేది? తాళం ఎయ్యండి," అంది.

నేను మొండికేసి కాసేపు వేయలేదు. కానీ చెవి ఊరుకోదు. కర్ర, కేలిపరు కాలు, మంచి కాలు. కర్ర, కేలిపరు కాలు, మంచి కాలు. తకిట, తకిట, తకిట. మూడు దెబ్బల నడక ఆమె చిన్నప్పటి నుంచి నడుస్తున్న నడకే. నా శిష్యురాళ్ళకు ఆ నడక నిలకడగా పట్టుకోవడం నేర్పడానికి తల ప్రాణం తోకకొచ్చేది. నా చెయ్యి దానంతట అదే తాళాలు అందుకుంది. ఆమె వెనక్కి తిరిగి చూసి మళ్ళీ నడిచింది.

అప్పటి నుంచి నన్ను మేడం అనడం మానేసి అక్కా అనడం మొదలుపెట్టింది.

నాయుడుపేట పిల్ల దగ్గర ఇంకో తెలివితక్కువ పని చేశాను. ఆ పిల్ల అడుగు వెనకబడుతోందని తాళాలు గట్టిగా వాయించాను. ఇంకా వెనకబడితే ఇంకా గట్టిగా, నోటితో జతి అరిచి మరీ చెప్పాను. లైట్ల అబ్బాయి చెవులు మూసుకుని, "మేడం, ఆమెకి ఇనపడదు. మాకు ఇనపడతాది," అన్నాడు. ఆ పిల్ల మా మొహాలు చూసి సంగతి కనిపెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత నేను తాళాన్ని చేత్తో, తలతో, ఒళ్ళంతా ఊపుతూ వేయడం నేర్చుకున్నాను. ఆమెకు కనపడే చోట నేను కూర్చుంటే చాలు, ఇక తప్పేది కాదు.

ఏ అంశం చేయాలన్నది పెద్దమ్మాయే తేల్చింది. ప్రవేశ దరువు. మన కూచిపూడి నాటకాల్లో పాత్ర ఊరికే వచ్చి నిలబడదు. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. తెర వెనక నుంచి పాత్ర వచ్చి, నేను ఎవరు, ఎక్కడి దాన్ని, నా గొప్ప ఏమిటి అని తానే ఆడి చెప్పుకుంటుంది. దాన్నే ప్రవేశ దరువు అంటాం. దానికో పాత ఆచారం ఉంది. పాత్ర వచ్చి వేదిక మీద తన చోట నిలబడేదాకా వెనక పాడేవాళ్ళు పల్లవి వదలకూడదు. తెర చిక్కుకున్నా, గజ్జె ఊడినా, ఎంత ఆలస్యమైనా సరే, అదే పల్లవి మళ్ళీ మళ్ళీ ఎత్తుకోవాల్సిందే. ఇది నేను ఏదో మాటల్లో చెబితే పెద్దమ్మాయి పట్టుకుంది.

"అట్టయితే మా ముగ్గురికీ మేమే దరువు రాసుకుంటాం," అంది. రాసుకొచ్చింది కూడా. పల్లవి ఇది:

"వస్తా ఉండాము మేము వస్తా ఉండాము,
దారి చూపొద్దయ్యా, దారి ఇయ్యండి."

"కాస్త లక్షణంగా మారుద్దాం, వచ్చెదము అని పెడదాం" అన్నాను. "మా ఇంట్లో ఎవురూ వచ్చెదము అనరక్కా" అంది. సరే అన్నాను.

ఒక సాయంత్రం సాధన అయ్యాక, కేలిపరు పట్టీలు వదులు చేసుకుంటూ ఆమె ఒక సంగతి చెప్పింది. ఏడో తరగతిలో చదువులో మొదటి బహుమతి వచ్చిందట. స్టేజీకి మెట్లు ఎత్తు. డ్రిల్లు మాస్టారు పాపం మంచి మనసుతోనే వచ్చి, ఆమెను చంకన వేసుకుని ఎక్కించాడట. "పావడా మోకాళ్ళ పైకి పోయింది. రెండు చేతుల్తో కిందికి లాక్కుంటా ఉండా. అందరూ చప్పట్లు కొట్టినారు. బహుమతి ఏం ఇచ్చినారో నాకు గుర్తు లేదు. ఒక్కసారన్నా స్టేజీ మీదికి నా కాళ్ళతో నేను పోవాలక్కా. వాడు వాడి చక్రాల మీద పోవాల. అంతే." ఆ మాట విన్నాక ఇది నా శిష్యుల ప్రోగ్రాముల్లో మరొకటి అనుకోవడం నా వల్ల కాలేదు.

నెల్లూరులో ఒక కళాసమితి ఉంది. ఏటా ఉత్సవం చేస్తుంది. దాని కార్యదర్శి గారు నాకు ఎప్పటి నుంచో తెలుసు. ఆయన ఇద్దరు కూతుళ్ళూ నా దగ్గరే నేర్చుకున్నారు. చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే. అడగ్గానే సంతోషంగా ఒప్పుకున్నాడు. "దివ్యాంగులకు మా వేదిక ఎప్పుడూ తెరిచే ఉంటుంది మేడం. ర్యాంపు కూడా చెక్కతో చేయిస్తా, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. ఈ మాట చేరవేస్తే లైట్ల అబ్బాయి నవ్వాడు. "ముందర వికలాంగులన్నారు, తర్వాత విభిన్న ప్రతిభావంతులన్నారు, ఇప్పుడు దివ్యాంగులు. పేరు మారస్తానే ఉండారు, మెట్లు మాత్రం మారస్తా లేరు."

ప్రదర్శన రోజు మధ్యాహ్నమే హాలుకు చేరుకున్నాం. ర్యాంపు లేదు. వేదిక నా ఛాతీ ఎత్తు. పక్కన ఇరుకు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు.

"వడ్రంగి చివర్లో చెయ్యిచ్చాడు మేడం," అన్నాడు కార్యదర్శి చేతులు నలుపుకుంటూ. "ఏం ఫరవాలేదు. వాలంటీర్లు ఉన్నారు. కుర్చీతో సహా ఎత్తి పూవుల్లో పెట్టినట్టు పెడతారు. అమ్మాయిని నేనే చెయ్యి పట్టి ఎక్కిస్తా."

పెద్దమ్మాయి మొహం గట్టిపడింది. "ఎత్తి పెడితే ఇంక ప్రవేశం ఏముంది సార్? మేము వస్తా ఉండాం అనేది పాట. మమ్మల్ని తెస్తా ఉండారు అని పాడమంటారా?"

ఆయన ఆమెతో మాట్లాడలేక నా వైపు తిరిగి, గొంతు తగ్గించాడు. "ఇంకొక్క మాట మేడం. ఆ బూటు. పొద్దున పూజ చేయించిన వేదిక. పాదరక్షలతో ఎక్కకూడదని మా పిల్లలకు నేర్పింది మీరే కదా. పెద్దవాళ్ళు ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి?"

నా నోరు ఊరికే ఉండేది కాదని ఊరంతటికీ తెలుసు. అప్పుడు మాత్రం ముందు ఆ బూటు వైపు చూశాను. ఆయన అన్నది అక్షరాలా నా మాటే. దాన్ని కాదనడానికి నాకు నేనే ఎదురు నిలబడాలి.

"అది చెప్పు కాదండీ. ఆ పిల్ల కాలు," అన్నాను. "కాలు విప్పి ఎక్కమని నేను ఎవరికీ నేర్పలేదు."

ఆయన బూటు మాట వదిలేశాడు. ఈ గొడవ జరుగుతుంటే లైట్ల అబ్బాయి కుర్చీ తిప్పుకుని వేదిక మీదికే చూస్తున్నాడు. అక్కడ మనిషెత్తు సౌండు బాక్సులు రెండు పక్కలా నిలబడి ఉన్నాయి. మైకు వైర్లు సర్దుకుంటున్న సౌండు సిస్టం అతను పాత స్నేహితుడే.

"అన్నా, అంత బరువు డబ్బాలు ఎట్టా ఎక్కించినారు?"

"ఎట్టా ఏముంది, పలకలేసి తోసినాం. వెనకపక్క తలుపులోంచి."

లైట్ల అబ్బాయి మా వైపు చూశాడు. "చూసినారా మేడం. డబ్బాలకి దారి ఉంది."

కార్యదర్శికి ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం మరి, వెనక నుంచి ఎక్కించేద్దాం" అన్నాడు. నిజం చెబుతున్నాను, నాకూ హమ్మయ్య అనిపించింది. వెళ్ళి చూశాను. జనరేటరు పక్క నుంచి, మురుగు కాలువ మీది బండ దాటి, సామాన్ల గదిలోంచి దారి. అయినా దారే కదా అని పెద్దమ్మాయితో "ఒప్పుకోమ్మా, తెర వెనక నుంచి వస్తే ఎవరికి తెలుస్తుంది" అన్నాను. లైట్ల అబ్బాయి కూడా "ఏ దారయితే ఏందక్కా, పోదాం పద" అన్నాడు.

"డబ్బాలు వెనక నుంచి పోతాయక్కా," అంది ఆమె. "మనుషులు ఎదర నుంచి పోతారు. ఈ రోజు వెనక నుంచి పోతే, వచ్చేసారి గూడా అదే మీ దారి అంటారు. ఆ పలకలు ఎదర ఎయ్యమనండి." లైట్ల అబ్బాయి కాసేపు ఆలోచించి, "అక్క చెప్పింది నిజమే మేడం" అన్నాడు. నాయుడుపేట పిల్ల మా చేతులూ పెదాలూ చూసి అంతా తెలుసుకుని, పెద్దమ్మాయి పక్కకు పోయి నిలబడింది.

ఎదర వేయడానికి వీల్లేదన్నాడు కార్యదర్శి. ముందు వరసలో ముఖ్య అతిథికీ పెద్దలకూ సోఫాలు వేశారు. పలకలు పడితే సోఫాలు జరపాలి. అతిథిని లేపి జరగమనడమా, ఆయన వల్ల కాదు. "అయితే ఈ సారికి ఐటెం వదిలేద్దాం మేడం. శాలువా కప్పి సన్మానం చేస్తాం" అన్నాడు.

"ఐటెం ఉంటుంది," అన్నాను. "సోఫాల సంగతి మీరు చూడకండి, నేను చూసుకుంటాను."

సౌండు అతన్ని పక్కకు పిలిచి, పలకలు తెచ్చి ముందు వైపు గోడకు ఆనించి పెట్టమన్నాను. "సెక్రటరీ గారు తిడతాడు మేడం" అన్నాడు. "నన్ను తిట్టమను" అన్నాను.

హాలు నిండింది. పల్లె నుంచి ఆడవాళ్ళు ఆటోల్లో వచ్చి వెనక వరసల్లో కూర్చున్నారు. మా వంతు వచ్చింది. మామూలుగా నట్టువాంగం వాళ్ళం వేదిక పక్కన మూలకు కూర్చుంటాం. నేను వేదిక అంచున, హాలుకు ఎదురుగా కూర్చున్నాను, నాయుడుపేట పిల్లకు నా చెయ్యి కనపడాలని. నా పక్కన మా స్కూలు గాయకుడు. గొంతు మంచిదే కానీ బద్ధకం ఎక్కువ, ఎప్పుడు ముగిద్దామా అని చూసే మనిషి. అటు పక్కన మృదంగం ఆయన. మైకు తీసుకుని, ప్రవేశ దరువు అంటే ఏమిటో, పాత్ర వచ్చేదాకా పల్లవి ఆగకూడదన్న ఆచారం ఏమిటో సభకు చెప్పాను. తెర ఎక్కడా అని అందరూ వేదిక మీద వెతుకుతున్నారు. తెర హాలు వెనక గుమ్మం దగ్గర ఉంది.

తాళం వేశాను. తకిట, తకిట. గాయకుడు పల్లవి ఎత్తుకున్నాడు. తెర దిగింది. జనం వెనక్కి తిరిగారు. కుర్చీల మధ్య దారిలో ముగ్గురూ వస్తున్నారు. కర్ర, కేలిపరు, కాలు. పక్కన చక్రాలు, ఒక్కో తోపుకు మూడేసి లెక్కలు సాగుతూ. ఇద్దరి వెనకా నాయుడుపేట పిల్ల, కళ్ళు నా చేతి మీద. ముందు వరస దాకా వచ్చి ఆగారు. ఎదురుగా సోఫాలు. సోఫాల అవతల వేదిక.

"దారి చూపొద్దయ్యా, దారి ఇయ్యండి."

అక్కడే నిలబడి ఆడారు. పల్లవి అయిపోయింది, మళ్ళీ ఎత్తుకున్నాం. మళ్ళీ. వేదిక పక్క నుంచి కార్యదర్శి ముగించమని చెయ్యి ఊపుతున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను. గాయకుడు నా వైపు వంగి "ఇంకెంతసేపు మేడం" అని గొణిగాడు.

"పాత్ర రాలేదు," అన్నాను.

ఆయన నిట్టూర్చి మళ్ళీ అందుకున్నాడు. కానీ కాసేపటికి ఆ బద్ధకపు మనిషి గొంతులోనే ఏదో మారింది. 'దారి ఇయ్యండి' దగ్గర స్వరం పెంచి, అడిగినట్టు పాడటం మొదలుపెట్టాడు. మృదంగం ఆయనైతే పండగ చేసుకుంటున్నాడు. సోఫాలో ముఖ్య అతిథి ఇదంతా నాటకంలో భాగం అనుకుని, తాళం తప్పుగా చప్పట్లు కొడుతున్నాడు. ఆయన్ను లేవమనే ధైర్యం హాల్లో ఎవరికీ లేదు. సౌండు అతను పలకల దగ్గర నిలబడి నా వైపూ కార్యదర్శి వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. పల్లవి మీద పల్లవి తిరుగుతోంది. పెద్దమ్మాయి నుదుటి మీద చెమట నాకు కనపడుతోంది. కాలు నొప్పి పుడుతోందని కూడా తెలుస్తోంది. ఆమె ఆగితే నేను ఆగుతాను. ఆమె ఆగలేదు.

వెనక వరసలోంచి పల్లె ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు లేచి వచ్చారు. చీర కొంగులు నడుముకు దోపుకుని, వలలు లాగే చేతులతో సోఫా పట్టుకుని, అందులో ఒకావిడ ముఖ్య అతిథితో "రవ్వంత జరగండి సార్, మా పిల్లలు పోవాల" అంది. ఆయన మర్యాదగా లేచి పక్కకు జరిగాడు. అంతే. అంత సులువు పనికి మధ్యాహ్నం నుంచి అంత రాద్ధాంతం. సోఫా జరిగింది. సౌండు వాళ్ళు పలకలు తెచ్చి వేదికకు ఆనించారు.

ముందు లైట్ల అబ్బాయి. నిటారు వాలు అది. సగం ఎక్కి, చక్రాలు వెనక్కి జారాయి. వాలంటీరు ఒకడు పట్టుకోవడానికి దూకబోయాడు. "పట్టుకోవద్దన్నా" అంది పెద్దమ్మాయి, అడుగు ఆపకుండానే. నాయుడుపేట పిల్ల కింద పలకల చివర రెండు కాళ్ళూ మోపి, అవి కదలకుండా నిలబడింది. అతను పళ్ళ బిగువున మళ్ళీ తోశాడు. తకిట, తకిట, తకిట. ఎక్కాడు.

తర్వాత పెద్దమ్మాయి. పలక దగ్గర వంగి, నేలకు నమస్కారం చేసినట్టే ఆ చెక్కను వేళ్ళతో తాకి కళ్ళకు అద్దుకుంది. కర్ర, కేలిపరు, కాలు. ఒక్కో అడుగుకూ చెక్క మోగింది. వేదిక మీదికి వచ్చి, తన చోట నిలబడి, సభ వైపు తిరిగింది. మోకాలి దగ్గర లాకు సరిచేసుకుంది. ఆ చప్పుడు చివరి వరస దాకా వినపడింది. నాయుడుపేట పిల్ల పరుగున ఎక్కి పక్కకు చేరింది. అప్పుడు వదిలాను పల్లవి. ఏడుస్తూనే జతి చెప్పాను. ఒక చోట తప్పు కూడా చెప్పాను. సర్వీసు మొత్తంలో సభలో జతి తప్పడం నాకు అదే మొదలు, దానికి నేనేం సిగ్గుపడటం లేదు.

ముగ్గురూ ఎవరికి వారు తమ దరువు ఆడారు. ఊరి వాళ్ళ కాళ్ళకు బూట్లు కుట్టే చేతులు నావి, నా కాలికి సరైన బూటు కోసం మాత్రం ఎన్ని ఊళ్ళు తిరిగానో అడగండి అని పెద్దమ్మాయి. దేవుడి తిరునాళ్ళకు దీపాలు కట్టినవాణ్ణి, పడిపోయాక అదే తిరునాళ్ళలో నా కుర్చీకి దారి లేదు, ఇది ఏ న్యాయం అని లైట్ల అబ్బాయి. నాయుడుపేట పిల్ల వంతు వచ్చేసరికి తాళాలు, మృదంగం, పాట అన్నీ ఆపేశాం. ఆమె తన చేతుల భాషలో తన కథ చెప్పుకుంది. సభలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అలా ఉండాలనే పెద్దమ్మాయి పట్టుబట్టింది. "ఆ కాసేపు వాళ్ళకి అర్థం కాకపోతే ఏం పోయింది. ఆమెకి రోజూ అట్టానే గదా," అంది.

ఇక్కడితో కథ ముగిస్తే బాగుండేది, కానీ ముగియలేదు. చప్పట్లయ్యాక దిగుదామని చూస్తే పలకలు లేవు. కార్యదర్శి మనుషులు తీసేసి సోఫా మళ్ళీ వేసేశారు. "దింపుతారులేమ్మా" అన్నాడు ఆయన. పెద్దమ్మాయి కర్ర పక్కన పెట్టి వేదిక మీద చతికిలబడింది. "నిదానంగా కానీండి సార్. మాకు తొందరేం లేదు," అంది. లైట్ల అబ్బాయి కుర్చీకి బ్రేకు వేసుకున్నాడు. నేనూ తాళాలు ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ పక్కనే కూర్చున్నాను. తర్వాత పాడాల్సిన విద్వాంసుడు తంబురాతో వచ్చి, మమ్మల్ని చూసి నమస్కారం పెట్టాడు. పలకలు తిరిగి వచ్చాయి. ఈ సారి సోఫా జరిపింది కార్యదర్శి గారే. దిగి ఆయన ముందు నిలబడి పెద్దమ్మాయి "వచ్చే ఏడు గూడా పిలవండి సార్, వస్తాం" అంది. వెటకారం కాదు. మామూలుగానే అంది.

మర్నాడు పేపర్లో ముఖ్య అతిథి ఫోటో పెద్దగా, వీళ్ళ ముగ్గురి భుజాలు మాత్రం చిన్నగా పడ్డాయి. ప్రిన్సిపాలు గారు పిలిచి, "రిటైరయ్యే ముందు ఇదంతా మీకు అవసరమా మేడం" అన్నారు. అవసరమే అన్నాను. సోమవారం సెలవు కోసేశారు.

మరుసటి ఏడు కళాసమితి వాళ్ళు పిలవలేదు. పిలవరని అనుకున్నదే. పెద్దమ్మాయి ఊరుకోలేదు. లైట్ల అబ్బాయిని వెంటబెట్టుకుని వీలు దొరికినప్పుడల్లా కార్యదర్శి ఇంటికి పోయేదట. ఆయన ఇంటికి మూడు మెట్లున్నాయి. వీళ్ళు వీధిలోనే ఉండి పిలిస్తే ఆయనే దిగి వచ్చి మాట్లాడేవాడట. ఆ మెట్లు దిగీ దిగీ ఆయనకు ఏం తోచిందో నాకు తెలియదు. ఆ పై ఏడు నాకు ఫోను చేసి, "హాలుకు ముందు వైపు సిమెంటు ర్యాంపు కట్టించాం మేడం, మీ వాళ్ళను తీసుకురండి, మీరే నట్టువాంగం చెప్పాలి" అన్నాడు. అప్పటికి నేను రిటైరయ్యాను. అయినా వెళ్ళాను.

అదే దరువు, అదే గాయకుడు, అదే మృదంగం. హాలు వెనక తెర దిగింది. తకిట అని తాళం అందుకున్నాను. ముగ్గురూ కుర్చీల మధ్య నుంచి వచ్చి, ఎక్కడా ఆగకుండా, ఎవర్నీ అడగకుండా ర్యాంపు ఎక్కుతున్నారు. పల్లవి పూర్తయింది. మా గాయకుడు పాత అలవాటు కొద్దీ ఊపిరి తీసుకుని రెండోసారి ఎత్తుకోబోయాడు. నేను చెయ్యెత్తి ఆపాను. పాత్ర వచ్చేసింది.